కాలనీ పక్క అడవికి కొత్త పదేళ్ల ప్రణాళిక రాస్తున్నారు, మనం ఏం అడగాలి?

గుట్టకింద_ఇల్లు
మాది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక తూర్పు వైపు కాలనీ. వెనక గోడ ఆనుకుని రిజర్వ్ ఫారెస్టు. మేం ఇల్లు కట్టుకున్నప్పుడు చుట్టూ జొన్న చేలు ఉండేవి, ఇప్పుడు అడవికి మూడు వైపులా వెంచర్లు. డివిజన్ వర్కింగ్ ప్లాన్ గడువు ముగుస్తోందని, కొత్తది రాసే పని మొదలైందని తెలిసింది. కాలనీ సంఘం ఒక వినతిపత్రం తయారు చేసింది: వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, రాత్రి తొమ్మిది దాకా లైట్లు, పార్కింగ్. అది చదివితే నాకు మనసొప్పలేదు. పొద్దున నెమళ్లు మా పిట్టగోడ మీదికి వస్తాయి, వానాకాలం కుందేళ్లు కనిపిస్తాయి. లైట్లు పెట్టాక అవి ఎక్కడికి పోవాలి? పైగా మాస్టర్ ప్లాన్‌లో ఈ అడవి అంచు కోసుకుంటూ ఒక వంద అడుగుల రోడ్డు గీత ఉంది. దాని గురించి వినతిలో ఒక్క ముక్క లేదు. ఈ సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి, అసలు ఏం అడగాలి?

మూడోలైన్_ఫ్లాట్
ట్రాక్ అడగడంలో తప్పేముంది? మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, రోడ్డు మీద నడిస్తే టిప్పర్లు. ఉన్న ఒక్క పచ్చని చోటు ప్రజల డబ్బుతో కాపాడుతున్నదే కదా, ప్రజలు లోపల అడుగు పెట్టకూడదా?

పాలపిట్ట
ముందు రోడ్డు సంగతి చూడండి. ట్రాక్ వద్దనుకుంటే రేపు తీసేయొచ్చు. రోడ్డు పడితే ఇక అంతే.

బీట్‌లో_ముప్పయ్యేళ్లు
అటవీ శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను, తెలిసింది చెబుతాను. వర్కింగ్ ప్లాన్ అంటే డివిజన్ మొత్తానికి పదేళ్లకు రాసే పుస్తకం. అడవిని కంపార్ట్‌మెంట్లుగా విడదీసి, దేనిలో ఏ చెట్లున్నాయి, ఎక్కడ నాటాలి, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు, మంటలు పాకకుండా శుభ్రం చేసే ఫైర్ లైన్లు ఎక్కడ, మేతకు ఎక్కడ వదలాలి అన్నీ అందులో ఉంటాయి. రాష్ట్రం రాసుకుంటే సరిపోదు, కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ ఆమోదించాలి. నేషనల్ పార్కులకు, అభయారణ్యాలకు ఇది వేరే, వాటికి విడిగా మేనేజ్‌మెంట్ ప్లాన్ ఉంటుంది.

మీరు ముందు తెలుసుకోవలసింది మీ అడవి బ్లాకు ఏ దశలో ఉందన్నది. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలో సెక్షన్ 4 అంటే రిజర్వ్ చేయబోతున్నామని ప్రకటన. సెక్షన్ 15 అంటే హక్కులన్నీ తేల్చి రిజర్వ్ చేశామని ప్రకటన. నిజాం కాలపు చట్టం కింద నోటిఫై అయినవి కూడా ఉన్నాయి. సెక్షన్ 4 దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయిన బ్లాకుల్లోనే గొడవలన్నీ మొదలవుతాయి. హద్దు రాయి ఒక చోట, రెవెన్యూ నక్షాలో గీత ఇంకో చోట. ఆ సందులోకి ప్లాట్లు వచ్చేస్తాయి.

గుట్టకింద_ఇల్లు
@బీట్‌లో_ముప్పయ్యేళ్లు ఇది ఎక్కడ దొరుకుతుంది సార్? రేంజ్ ఆఫీసులో అడిగితే ఇస్తారా?

బీట్‌లో_ముప్పయ్యేళ్లు
అడగండి, చాలామంది ఇస్తారు. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, పది రూపాయలు, ముప్పై రోజుల గడువు. మూడు అడగండి: గెజిట్ నోటిఫికేషన్, హద్దుల వివరం, పాత వర్కింగ్ ప్లాన్‌లో మీ కంపార్ట్‌మెంట్ల పేజీలు. పాత ప్లాన్‌లో చేస్తామన్నవి ఎన్ని చేశారో చూడకుండా కొత్తది అడగొద్దు.

సెవెన్_ఏఎం_వాకర్
కేబీఆర్ పార్కు చుట్టూ నడిచేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. అది నేషనల్ పార్కు, 1998లో ప్రకటించారు, 390 ఎకరాలు. జనం బయటి ట్రాక్ మీద నడుస్తారు, లోపల నెమళ్లు వాటి మానాన అవి ఉంటాయి. నగరం నడిబొడ్డున ఇన్నేళ్లు కలిసి నడిచింది. కాబట్టి ట్రాక్ వేస్తే అడవి చచ్చిపోతుందన్న మాట నేను ఒప్పుకోను.

పాలపిట్ట
@సెవెన్_ఏఎం_వాకర్ అదే కేబీఆర్ చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్, అంటే పార్కు బయట కట్టడాల మీద ఆంక్షలుండే పట్టీ, ఎంత మిగిలింది? మొదట పాతిక నుంచి ముప్పై అయిదు మీటర్లు అన్నారు. 2020 అక్టోబరులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి కొన్ని చోట్ల మూడు మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు. మూడు మీటర్లంటే మా హాలు వెడల్పు కన్నా తక్కువ. ఎందుకు తగ్గింది? చుట్టూ ఫ్లైఓవర్లు రావాలి కాబట్టి. లోపలి ట్రాక్ గురించి మనం కొట్టుకుంటుంటే అంచు పోయింది.

సెవెన్_ఏఎం_వాకర్
అది నిజం. దాని మీద మేం మానవహారం కట్టాం, అభ్యంతరాలూ రాశాం. అలాగని ఫ్లైఓవర్లు వద్దనేవాళ్లందరూ ఆ ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్లి చూడాలి. నేను రెండు వైపులా ఉన్నాను.

బెంగళూరు_తెలుగోడు
మా దగ్గర జరిగింది చెబుతాను. 2021 మొదట్లో తురహళ్లి అడవిలో ట్రీ పార్కు చేస్తామన్నారు. కంచె, దారులు, కూర్చునే చోట్లు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల జనమే వద్దని రోడ్డెక్కారు. మాకు పార్కు వద్దు, అడవిని అడవిలా ఉంచండి అన్నారు. పని ఆగింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. బన్నేరుఘట్ట నేషనల్ పార్కు చుట్టూ జోన్ 2016 ముసాయిదాలో 268 చదరపు కిలోమీటర్ల పైన ఉంటే 2020 తుది ప్రకటనలో 168 చిల్లరకు దిగింది. పార్కు ఆపగలిగిన జనం ఆ వంద చదరపు కిలోమీటర్లను ఆపలేకపోయారు. బల్లలు కంటికి కనిపిస్తాయి. మ్యాపులో గీత కనిపించదు.

మేకలబండ
అందరూ నడక గురించి మాట్లాడుతున్నారు. మాది ఆ అడవి పక్కనే పాత ఊరు, వెంచర్ల కన్నా ముందు నుంచి ఉన్నాం. మా నాన్న ఇప్పటికీ మేకలు తోలుకెళ్తాడు. సీతాఫలాలు, తునికాకు, ఎండు పుల్లలు, మా ఊరికి ఆ గుట్ట మీదే ఆధారం. చుట్టూ మెష్ కట్టి, ముందు టికెట్ కౌంటర్ పెట్టాక మా వాళ్లు ఎటు నుంచి పోవాలి? పొద్దున కారులో వచ్చి నడిచేవాళ్లకు గేటు, మాకు కందకం. వినతిలో మా పేరు ఒక్క చోటా లేదు.

మూడోలైన్_ఫ్లాట్
@మేకలబండ అన్నా, మేకలు మొక్కల్ని తినేస్తే అడవి ఎలా మిగులుతుంది? నాటిన మొక్కల చుట్టూ కంచె అందుకే కదా.

మేకలబండ
తమ్ముడూ, ఇన్ని తరాలు మేకలు తిన్నాక కూడా మిగిలిన అడవినే మీ వెంచర్ వాళ్లు బ్రోచర్ మీద ఫొటో వేసుకున్నారు. మేకలు ఒక వారం ఒక వైపు, ఇంకో వారం ఇంకో వైపు పోతాయి. రాత్రిళ్లు టిప్పర్లు తెచ్చి పోసే ఇళ్ల కూల్చివేత మట్టి ఎటూ పోదు, అక్కడే గుట్ట అవుతుంది. దాన్ని ఆపమని రాయండి ముందు.

బీట్‌లో_ముప్పయ్యేళ్లు
ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నా సర్వీసులో మేకల కేసుల కన్నా మట్టి టిప్పర్లే ఎక్కువ నష్టం చేశాయి. వాగు మొహం మూసేస్తే దిగువ చెరువుకు నీళ్లు ఆగిపోతాయి. వర్కింగ్ ప్లాన్ రాసేటప్పుడు వన సంరక్షణ సమితుల (వీఎస్‌ఎస్, అడవిని చూసుకునే ఊరి కమిటీలు) మాట కూడా తీసుకోవాలి. మీ ఊళ్లో వీఎస్‌ఎస్ ఉందా? లేకపోతే గ్రామ సభ తీర్మానం చేసి పంపండి. కాలనీ వినతి కన్నా దానికి బరువెక్కువ. రెండూ కలిసి వెళ్తే ఇంకా మంచిది.

గుట్టకింద_ఇల్లు
@మేకలబండ అన్నా, మీ ఊరి పెద్దల్ని కలవాలని ఉంది. వినతి ఇంకా సంతకాలకు వెళ్లలేదు, మార్చడానికి వీలుంది.

రేల_పూలు
వృక్షశాస్త్రం చెబుతాను కాలేజీలో. ఎవరూ అనని మాట ఒకటి. దక్కను గుట్టల మీద అడవి అంటే దట్టమైన చెట్లు కావు. బండలు, గడ్డి, పొదలు, అక్కడక్కడా మోదుగ, రేల, చండ్ర, తునికి. దాన్ని చూసి బీడు అనుకుని గుంతలు తవ్వి వరసగా మొక్కలు నాటేస్తారు. గడ్డిలో గుడ్లు పెట్టే కౌజులు, పూరేడు పిట్టలు పోతాయి. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి చూడండి, 3,600 ఎకరాల పైన, కృష్ణజింకల కోసం పెట్టిన పార్కు. కృష్ణజింక మైదానపు జంతువు. దానికి కావలసింది గడ్డి, దూరం కనిపించే చోటు. చెట్లు ఎక్కువైతే అది ఉండలేదు. ప్రణాళికలో ఫలానా కంపార్ట్‌మెంట్లలో నాటడం నిషిద్ధం అని రాయించండి. చాలామంది అడగరు, ఎందుకంటే మొక్క నాటడం వద్దు అంటే జనం వింతగా చూస్తారు.

మూడోలైన్_ఫ్లాట్
@రేల_పూలు మేడమ్, ఇది నాకు కొత్త. హరితహారంలో మేమంతా వెళ్లి నాటాం కదా, అది తప్పా?

రేల_పూలు
రోడ్ల పక్కన, కాలనీల్లో, పాడైపోయిన అడవుల్లో నాటడం చాలా మంచి పని. సహజంగా ఉన్న గడ్డి గుట్ట మీద వద్దంటున్నా. ఇంకో ముఖ్యమైన పని లాంటానా అనే కలుపు పొదను తీసేయడం. మార్చిలో ఎవరో బీడీ పారేస్తే ఎండిన లాంటానా కిరసనాయిలు పోసినట్టు అంటుకుంటుంది. ఆ పనికి వాలంటీర్లు రండి, మొక్కలు నాటినంత ఆనందంగానే ఉంటుంది.

సీతమ్మధార_చిన్నోడు
విశాఖ నుంచి. మాకు కంబాలకొండ ఉంది, 70 చదరపు కిలోమీటర్ల పైన అభయారణ్యం, ఊళ్లోనే అన్నట్టు. చిరుతలు ఉన్నాయి. పక్కనే జాతీయ రహదారి, జూ, అపార్ట్‌మెంట్లు. ముడసర్లోవ రిజర్వాయరుకు నీరు ఆ కొండల నుంచే. మీకు జంతువు రావడం ముద్దు, మాకు కొంచెం భయం కూడా. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత తీసుకెళ్లింది. అడవి పక్క ప్రణాళిక అంటే చెత్త కూడా రాయాలి. చెత్త ఉంటే కుక్కలు, కుక్కలుంటే చిరుత. కాలనీ చెత్తబండి అడవి గోడ దగ్గర దింపకూడదు అన్నది పేపర్ మీద ఉండాలి.

నెమలి_అలారం
మా వైపు చిరుతలు లేవు, నెమళ్లే. పొద్దున నాలుగున్నరకు లేపుతాయి. మా పిల్లలు ఇంటర్ పరీక్షలకు వాటితోనే చదివారు, ఫీజు తీసుకోని ట్యూషన్.

చిలుకూరు_రైతుబిడ్డ
కొంచెం చేదు మాట చెబుతాను. మాది 111 జీవో ఊరు. 1996 మార్చిలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్లలో 84 గ్రామాలకు ఆంక్షలు పెట్టారు. మా భూమి అమ్ముకుందామంటే పక్క మండలంలో సగం ధర. నగరం నీళ్లు తాగింది, మేం గీత లోపల ఉన్నాం. 2022లో 69 జీవోతో సడలిస్తున్నామన్నప్పుడు పర్యావరణవేత్తలంతా మమ్మల్ని దొంగల్లా చూశారు. అడవిని కాపాడాలన్న వాళ్లకు ఒకటే అడుగుతున్నా, కాపాడే ఖర్చు ఎవరు మోస్తున్నారు?

పాలపిట్ట
అన్నా, మీ బాధ నిజం. కానీ ఆ చెరువులు నీళ్ల కోసం మాత్రమే కట్టలేదు. 1908లో మూసీ వరద వేల మందిని తీసుకుపోయాక, విశ్వేశ్వరయ్య సలహాతో వరదను ఆపడానికి కట్టారు. పైన కాంక్రీటు వేస్తే వరద కిందికే వస్తుంది. మీకు పరిహారం ఇవ్వాలి, కచ్చితంగా ఇవ్వాలి. గీత తీసేయడం పరిహారం కాదు.

చిలుకూరు_రైతుబిడ్డ
ఇన్నేళ్లలో ఏ జీవోలో ఆ పరిహారం ఉందో చూపించండి, నేనే వచ్చి మీ వినతి మీద మొదటి సంతకం పెడతా.

ఫైల్_కదలదు
ఇద్దరి మాటల్లో తేడా ఒకటుంది. ఒకటి పట్టా భూమి మీద ఆంక్ష, ఇంకోటి సర్కారు భూమి. సర్కారు భూమికి అసలు ప్రణాళికే లేకపోతే ఏమవుతుందో కంచ గచ్చిబౌలిలో చూశాం. 400 ఎకరాలు, రికార్డుల్లో రిజర్వ్ ఫారెస్టు కాదు, రెవెన్యూ భూమి. కాబట్టి అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్‌లో లేదు. చెట్లు, చెరువులు, జింకలు, నక్షత్ర తాబేళ్లు అన్నీ ఉన్నాయి, కాగితం మాత్రం లేదు. 2025 మార్చి ఆఖర్లో బుల్డోజర్లు వచ్చాయి, విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. అప్పటికే వంద ఎకరాల దాకా చెట్లు పోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన గోదావర్మన్ తీర్పు ప్రకారం రికార్డులో ఏం రాసినా నేల మీద అడవిలా ఉంటే అడవే. అది కోర్టులో పనికొచ్చే మాట, రాత్రిపూట బుల్డోజర్ ముందు పనికిరాదు. మీ బ్లాకు పక్కన కూడా ఇలాంటి కంచ, గైరాన్, పోరంబోకు అని రాసిన సర్కారు భూమి ముక్కలు ఉంటాయి. సర్వే నంబర్లతో అవీ రాయండి.

కోకాపేట_కొలీగ్
అమ్మకుండా ఊరు ఎలా పెరుగుతుంది కానీ? 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ డబ్బు లేకుండా మెట్రోలు, ఆసుపత్రులు ఎలా వస్తాయి? ఉన్న ప్రతి గుట్టనూ ముట్టుకోవద్దంటే అద్దెలు ఇంకా పెరుగుతాయి. నాకు ఇల్లు కొనే స్తోమత లేదు. ఉన్నవాళ్లే అడవి కావాలంటారు.

ఫీనిక్స్‌లో_మనోడు
@కోకాపేట_కొలీగ్ అడిగిన డబ్బు సంగతికి ఇక్కడ అమెరికాలోని ఉదాహరణ ఒకటి. లాస్ వెగాస్ చుట్టూ భూమి చాలావరకు ఫెడరల్ ప్రభుత్వానిది. ఊరు పెరుగుతోంది, భూమి కావాలి. 1998లో ఒక చట్టం చేశారు. లోయలో ఒక గీత గీసి, దాని లోపలి ప్రభుత్వ భూమి మాత్రం వేలం వేయొచ్చన్నారు. వచ్చిన డబ్బులో 5 శాతం రాష్ట్ర విద్యకు, 10 శాతం నీటి సంస్థకు, మిగతా 85 శాతం ప్రత్యేక ఖాతాలోకి. ఆ ఖాతా పార్కులు, దారులు, సున్నితమైన భూములు కొనడం, కాపాడడం లాంటి వాటికే. గీత జరపాలంటే మళ్లీ చట్టం చేయాలి. అమ్మకం ఆపలేదు, అమ్మిన డబ్బు ఎక్కడికి పోతుందో ముందే కట్టేశారు.

ప్రణాళిక మార్చే పద్ధతి కూడా చెబుతా. ఇక్కడ భూ నిర్వహణ ప్రణాళిక ముసాయిదా వస్తే మామూలుగా తొంభై రోజులు జనం రాయొచ్చు. అసలు విషయమున్న ప్రతి అభ్యంతరానికీ తుది ప్రతిలో జవాబు ఇవ్వాలి. అలాగని అంతా సజావుగా ఉండదు. మా ఫీనిక్స్ పక్క, జాతీయ స్మారకంగా కాపాడే సోనోరన్ ఎడారి భూమిలో జనం తుపాకీ సాధన చేస్తూ సగువారో కాక్టస్‌లను తూట్లు పొడిచారు. అయినా మొత్తం భూమిలో కాల్పులు కొనసాగవచ్చని 2012 ప్రణాళికలో రాస్తే 2015లో కోర్టు కొట్టేసింది. ఆ కేసు నిలబడడానికి కారణం ఒకటే, అధికారులే చేయించిన అధ్యయనం రికార్డులో ఉంది, దానికి విరుద్ధంగా నిర్ణయం రాశారు. అందుకే మీరు కూడా ఫొటోలు, తేదీలు ఇప్పుడే ఫైల్లోకి ఎక్కించండి.

కోకాపేట_కొలీగ్
ఈ 85 శాతం లెక్క నాకు నచ్చింది. ఇలా ఉంటే నేను అమ్మకానికీ ఒప్పుకుంటా, అడవికీ ఒప్పుకుంటా.

ఫైల్_కదలదు
@ఫీనిక్స్‌లో_మనోడు మన వర్కింగ్ ప్లాన్‌కు అలాంటి తొంభై రోజులు లేవు. కానీ ఎకో సెన్సిటివ్ జోన్ ముసాయిదాకు అరవై రోజులు ఉంది, మాస్టర్ ప్లాన్‌కు అభ్యంతరాల గడువు ఉంది. మన జనం గడువు అయ్యాక నిద్రలేస్తారు. కామారెడ్డి గుర్తుందా? 2023 జనవరిలో మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో పొలాల్ని పారిశ్రామిక జోన్‌లో పెట్టారని రైతులు ఊరంతా కదిలించారు. ముసాయిదా దశలోనే కాబట్టి మున్సిపాలిటీ వెనక్కి తీసుకుంది. ఒక రైతు ప్రాణం పోయాక. అంతదాకా రాకూడదు.

గుట్టకింద_ఇల్లు
మా వంద అడుగుల రోడ్డు హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) 2031 మాస్టర్ ప్లాన్‌లో ఉంది. అది 2013లోనే వచ్చింది. ఇప్పుడేం చేయగలం?

ఫైల్_కదలదు
హెచ్‌ఎండీఏ పరిధి 2025లో రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచారు, కొత్త మాస్టర్ ప్లాన్ కూడా రాస్తున్నారు. అంటే పాత గీతలన్నీ మళ్లీ బల్ల మీదికి వస్తాయి. రెండు శాఖలకూ ఒకే కాగితం పంపండి. అటవీ శాఖకు: మా కంపార్ట్‌మెంట్ల మీద రోడ్డు గీత ఉంది, మీ ప్రణాళికలో దాని ప్రస్తావన ఏది? హెచ్‌ఎండీఏకు: రిజర్వ్ ఫారెస్టులో రోడ్డు వేయాలంటే కేంద్రం అనుమతి కావాలి, అది లేకుండా గీత ఎలా గీశారు? రెండు ఆఫీసులు ఒకదానికొకటి ఉత్తరం రాసుకునేలా చేస్తే సగం పని అయినట్టే.

బీట్‌లో_ముప్పయ్యేళ్లు
ఇది మంచి సలహా. ఇంకో విషయం, అర్బన్ ఫారెస్టు పార్కుల్లో మామూలుగా అనుసరించే పద్ధతి ఉంది. బ్లాకులో చిన్న భాగం సందర్శకులకు, మిగతాదంతా కన్జర్వేషన్ భాగం, అక్కడికి ఎవరూ వెళ్లకూడదు. ట్రాక్ కావాలన్నవాళ్లకూ వద్దన్నవాళ్లకూ అక్కడ చోటుంది. చిక్కెక్కడంటే చిన్న భాగం ఏటా కాస్త పెరుగుతుంది. ఈసారి ఫుడ్ కోర్టు, వచ్చే ఏడు జిప్‌లైన్. కాబట్టి ఎన్ని ఎకరాలు, ఏ వైపు, మ్యాపు మీద గీసి, పదేళ్లలో మార్చకూడదని రాయమనండి.

సెవెన్_ఏఎం_వాకర్
ట్రాక్ రోడ్డు వైపు అంచునే ఉండాలి, మట్టి ట్రాక్, సిమెంటు కాదు. చీకటి పడేలోగా మూసేయాలి. నేను వాకర్‌ని, అయినా లైట్లు వద్దనే అంటా.

మూడోలైన్_ఫ్లాట్
సరే, లైట్ల మాట నేనూ వదిలేస్తా. అమ్మ ఎలాగూ పొద్దున్నే నడుస్తుంది. ట్రాక్ మాత్రం వదలను.

మేకలబండ
మేత దారి? ఎప్పటికప్పుడు అందరూ ఒప్పుకుంటారు, మా మాట వచ్చేసరికి మర్చిపోతారు.

గుట్టకింద_ఇల్లు
మర్చిపోలేదన్నా. మార్చిన వినతిలో మొదటి పేరా మీ ఊరిదే. పాత మేత దారి, వాగు దాటే చోటు, సీతాఫలం కాలంలో కోసుకునే హక్కు, మట్టి టిప్పర్ల మీద గస్తీ, ఆ తర్వాతే ట్రాక్. రేల_పూలు మేడమ్ చెప్పిన నాటకూడని గుట్టలు, పక్కన ఉన్న రెవెన్యూ ముక్కల సర్వే నంబర్లు కూడా పెడుతున్నా. జిమ్, పార్కింగ్ తీసేశా. సంఘం కార్యదర్శి గారికి కోపం వచ్చింది, ఆయనతో మాట్లాడాలి.

రేల_పూలు
నేను వచ్చి గడ్డి జాతుల జాబితా రాసిస్తాను, అది జతచేయండి. వానలు పడ్డాక అయితే పూలు చూసి గుర్తుపట్టడం తేలిక.

చిలుకూరు_రైతుబిడ్డ
గ్రామ సభ తీర్మానం నమూనా నా దగ్గర ఉంది, మా ఊరి గొడవకు రాయించింది. కావాలంటే పంపుతా. భాష కొంచెం కటువుగా ఉంటుంది.

గుట్టకింద_ఇల్లు
పంపండన్నా. మ్యాపు ఎవరైనా గీసి పెడతారా? నాకు ఫోన్‌లో హద్దు నడిచి రికార్డు చేయడం వచ్చు, మేత దారి మాత్రం తెలియదు.

మేకలబండ
ఆదివారం మా నాన్నతో నడవండి. మధ్యాహ్నం లోపు అయిపోతుంది. నీళ్ల సీసా తెచ్చుకోండి, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి, పల్లేరుకాయలు ఉంటాయి.